రెడ్డిగూడెం సన్నాయి టోను

పాత కీబోర్డులో చిప్పు మార్చడం పది నిమిషాల పని. ఈ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో నాకే గుర్తులేదు. రిటైరయ్యాక కూడా మీలాంటివాళ్లు ఫోన్లు చేసి, ఫలానా మోడల్లో కొత్త వెర్షన్ ఎలా వెయ్యాలండీ అని అడుగుతుంటారు. ఎనిమిది మరలు విప్పండి, బోర్డు మీద గాజు కిటికీ ఉన్న రెండు చిప్పులు కనబడతాయి, చిప్పు అంచున గాటు ఏ వైపుందో చూసుకుని మెల్లగా పైకి లేపండి, కొత్తవి అదే వైపుగా కూర్చోబెట్టండి, మూత పెట్టెయ్యండి అంటాను. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ పది నిమిషాలకు ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. దాని దగ్గరికొచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది. ఈ ముసలాయనకు కోపం ఎక్కువని మీలో కొందరు అనుకుంటున్నట్టు నా చెవిన పడింది. కోపం ఎక్కువే. అయితే అది మీ మీద కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను నూజివీడులో ముప్పై ఏళ్లకు పైగా కీబోర్డులు, యాంప్లిఫయర్లు బాగుచేశాను. మాది మామిడితోటలున్న కుటుంబం. తోటలు మా అన్నయ్య చూసుకున్నాడు. నాకు చిన్నప్పటి నుంచి ఇంట్లో రేడియో విప్పితే గానీ అన్నం సహించేది కాదు. విప్పినవాటిలో సగం మళ్లీ పలికేవి కావు కాబట్టి, వీణ్ణి ఇంట్లో ఉంచుకోవడం కంటే షాపు పెట్టించడం మేలని మా నాన్న తేల్చేశాడు.

నూజివీడులో పాత సింథసైజర్లేంటని మీకు అనిపించవచ్చు. బెజవాడలో ఆర్కెస్ట్రాలు వెలిగిన రోజుల్లో జపాన్ నుంచి పెద్ద పెద్ద కీబోర్డులు దిగాయి. ఆర్కెస్ట్రా వాళ్లు కొత్తవి కొనుక్కున్నాక అవి చేతులు మారి మారి మా వైపు ఊళ్లకు చేరాయి. బాపులపాడు దగ్గర భజన మందిరంలో ఒకటి, చింతలపూడిలో నాటకాల వాళ్ల దగ్గర ఒకటి, పెళ్లిళ్లకు పాడేవాళ్ల దగ్గర నాలుగైదు. వయసు మీదపడి మొరాయించడం మొదలుపెట్టాక అవన్నీ నా బెంచీ మీదికి వచ్చాయి.

అవి తయారైన రోజుల్లో ఫోన్లో లాగా అప్‌డేట్ దానంతటది దిగేది కాదు. కీబోర్డు ఎలా నడుచుకోవాలో చెప్పే ప్రోగ్రామును చిప్పులో ఎక్కించి పెట్టేవాళ్లు. అందులో తప్పు బయటపడితే కంపెనీ సరిచేసిన చిప్పు పంపేది. కంపెనీలు ఆ మోడళ్లను వదిలేసి చాలా కాలమైంది గానీ, సరిచేసిన ప్రోగ్రాములను పుణ్యాత్ములు ఇంటర్నెట్లో పెట్టారు. అది దించుకుని ఖాళీ చిప్పులోకి ఎక్కించేవాణ్ణి. చిప్పు మీది గాజు కిటికీలోంచి వెలుతురు పడితే లోపలున్నది చెరిగిపోతుంది కాబట్టి దాని మీద నల్ల టేపు అంటించాలి. మొదట్లో నేను టేపు కొనడానికి బద్ధకించి, మా తోటలో పండ్ల పెట్టెల మీద వేసే కాగితం స్టిక్కర్లు అంటించాను. అలా అంటించిన నాలుగు చిప్పులను కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయాను. వేసవి గడిచి చూస్తే ఎండకు నాలుగూ ఖాళీ అయ్యాయి. ఇలాంటి తెలివితేటలు నాకు మొదటి నుంచీ ఉన్నాయని మీకు తెలియడం కోసం చెబుతున్నాను.

షాపులో నాతోపాటు ఒకావిడ పనిచేసేది. పేర్లు రాయనని అనుకున్నాను కాబట్టి చెల్లెమ్మ అంటాను, అప్పుడూ అలాగే పిలిచేవాణ్ణి. అంతకుముందు ఆవిడ మామిడిపండ్లు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పనిచేసింది. పండు కందకుండా పట్టుకోవడం అలవాటైన చేతులు. సోల్డరింగ్ నేర్పిస్తే ఆరు నెలల్లో నన్ను దాటిపోయింది. నాకు నచ్చని గుణం ఆవిడలో ఒకటే ఉండేది. ఏ కాగితం వచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం కాబట్టి ఒక్కో పేజీకి పావుగంట. నాకు ఒళ్లు మండేది.

మామిడి కోతలు మొదలైన వారంలో అతను వచ్చాడు. మా వైపు కోతలూ, పెళ్లి ముహూర్తాలూ ఒకేసారి మీద పడతాయి. బెంచీ మీద ఏడు యాంప్లిఫయర్లు వరసలో ఉన్నాయి. అతనిది రెడ్డిగూడెం వైపు. నలభై దాటి ఉంటాయి. ముందు పళ్లు మూడు లేవు, అందుకని మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. కోతల్లో తోట పనికి వెళ్లేవాడు, ముహూర్తాల్లో కీబోర్డు వాయించేవాడు. మేళాన్ని పిలిపించుకోలేని వాళ్ల పెళ్లిళ్లకు తనొక్కడే వెళ్లి, కుడిచేత్తో సన్నాయీ ఎడమచేత్తో డోలూ పలికించేవాడు. ఒక కీబోర్డుతో పెళ్లి జరిపించేస్తాడని అతనికి పేరు.

అతని కష్టం ఏంటంటే, తాళి కట్టే వేళ డోలు దంచుతూ సన్నాయిని పైకి తీసుకెళ్లి స్వరాన్ని గమకంలా వంచితే, ఆ స్వరం అక్కడే ఇరుక్కుపోయేది. వేలు తీసినా ఆగదు. స్విచ్చు కట్టేస్తేనే ఆగుతుంది. ముందు వారం ఒక పెళ్లిలో తలంబ్రాలు అయిపోతున్నా ఆ ఒక్క స్వరమే కూతలా మోగుతూ ఉండిపోయిందట. పెళ్లివారు నవ్వారు, ఆ తర్వాత తిట్టారు. ఇంకో పది రోజుల్లో చింతలపూడిలో పెళ్లి ఉంది. అక్కడ కూడా ఇలాగే జరిగితే ఇక ఎవరూ పిలవరని అతని భయం.

నాకు వింటూనే అర్థమైంది. ఆ మోడల్ మొదటి వెర్షన్లో ఉన్న తప్పే అది. ఎక్కువ మీటలు ఒకేసారి నొక్కి స్వరం వంచితే ప్రోగ్రాము తికమకపడుతుంది. రెండు చిప్పులు మారిస్తే పోతుంది. ఆ సంగతి అతనికి కాస్త దర్జాగానే చెప్పాను. ఆ కీబోర్డుల్లో వాయించేవాడు అంకెలు మార్చి తనకు కావలసిన శబ్దం తయారుచేసుకుని ఒక నంబరు కింద దాచుకోవచ్చు, దాన్నే టోను అంటాం. అందుకని ఒక ప్రశ్న అడిగాను. అడిగానని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉంటాను.

"లోపల నీ టోన్లేమన్నా దాచుకున్నావా?"

"మా దగ్గర ఏముంటాయండీ. మీకు ఎట్టా వీలైతే అట్టా చెయ్యండి" అన్నాడు.

మీరు పట్నాల్లో పెరిగినవాళ్లయితే ఈ జవాబు విని లేవనే అనుకుంటారు. నాకు ఆ సాకు లేదు. మా తోటలో కూలికి వచ్చినవాళ్లను మా అమ్మ, ఇవాళ కూరేంటని అడిగితే, మా దగ్గర ఏముంటాయమ్మా అనేవాళ్లు. గిన్నె మూత తీస్తే ఎండుచేపల పులుసు వాసన తోటంతా కమ్ముకునేది. అది లేదని చెప్పడం కాదు. తోట గలవాళ్ల ముందు ఇది నాది అని చెప్పుకోకపోవడం ఒక మర్యాద, ఒక భయం కూడా. ఇంకోసారి అడిగితే చెబుతారు, మూడోసారి అడిగితే కాస్త వడ్డిస్తారు కూడా. పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి. ఆ రోజు నాకు పని తొందర. లేవన్నాడు కాబట్టి లేవనుకున్నాను. తర్వాతి కాలంలో నేను ఆ ప్రశ్న అడగడం మానేశాను. నువ్వు రోజూ వాయించేది ఒకటి వాయించు, వింటాను అనేవాణ్ణి. మీరూ అలాగే అడగండి.

అతని కీబోర్డు మూడు రోజులు నా దగ్గరుంది. నేను పరీక్షించే పద్ధతి ఒకటే. మెషీన్లో మొదటి నంబరుకు ఉండే పియానో టోను పెట్టుకుని, కింది మీట నుంచి పై మీట దాకా వరసగా నొక్కుకుంటూ పోవడం. ఆ తర్వాత అన్నీ కలిపి నొక్కి, స్వరం వంచి, ఇరుక్కుంటుందో లేదో చూడటం. ఇరుక్కుంది. చిప్పులు సిద్ధం చేశాను. ప్రోగ్రాముతోపాటు దిగిన నాలుగు పేజీల కాగితాన్ని చెల్లెమ్మ ముందేసుకుని కూర్చుంది.

"అన్నయ్య గారూ, చివరి పేజీలో మెమరీ అని ఏదో ఉందండి. కాస్త ఆగితే చదువుతాను" అంది.

అతనికేం లేవంటమ్మా, నువ్వు ఆ మరల డబ్బా ఇటివ్వు అన్నాను.

పది నిమిషాల్లో అయిపోయింది. స్విచ్చు వెయ్యగానే కీబోర్డు మీదుండే చిన్న అద్దంలో ఇంగ్లీషులో ఒక వాక్యం రెండు క్షణాలు కనబడి మాయమైంది. అన్ని మీటలూ కలిపి దంచాను. స్వరాన్ని అటూ ఇటూ వంచాను. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. ఆ రోజు నా అంత తెలివైనవాడు కృష్ణా జిల్లాలో ఇంకొకడు లేడని అనుకున్నాను.

సాయంత్రం అతను వచ్చాడు. నిలబడే ఒక నంబరు నొక్కి, రెండు స్వరాలు వాయించాడు. ఆగి, మళ్లీ అదే నంబరు నొక్కాడు. మళ్లీ రెండు స్వరాలు. పక్క నంబరు కూడా నొక్కి చూశాడు. చేతులు తీసేసి భుజం మీది తువ్వాలుతో మీటలన్నీ తుడిచాడు. ఇరుక్కోవటల్లేదండి, బాగుందండి అన్నాడు. నేను చిప్పు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. కీబోర్డు బైకు మీద కట్టుకుని వెళ్లిపోయాడు.

"ఆయన మొహం చూశారా?" అంది చెల్లెమ్మ.

నేను చూడలేదు. ఆవిడ చూసింది. స్వరం వంచితే ఇరుక్కుంటుందని మొత్తుకుంటూ వచ్చినవాడు, బాగుచేశామంటే ఒక్కసారి కూడా వంచి చూసుకోకుండా వెళ్లాడని ఆవిడే పట్టుకుంది. నాలుగో పేజీ తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివింది. చిప్పులు మార్చి మొదటిసారి స్విచ్చు వెయ్యగానే లోపల దాచుకున్న టోన్లన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ముందుగా కంప్యూటర్లోకి దింపుకోండి అని అందులో రాసి ఉంది. దింపుకోవడం ఐదు నిమిషాల పని. అన్ని వైర్లూ నా సొరుగులోనే ఉన్నాయి.

అది ముందే చదివి చావొచ్చుగా అని ఆవిడ మీద అరిచాను. ఆవిడ కాగితాన్ని మడిచి నా ముందు పెట్టి తన బెంచీ దగ్గరికి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా సోల్డరింగ్ ఐరన్ వైపు చూసి మాట్లాడింది. పాత చిప్పులు మళ్లీ పెడితే టోన్లు తిరిగి వస్తాయేమోనన్న ఆశ కూడా నాకు లేదు. టోన్లు ఉండేది ఆ చిప్పుల్లో కాదు, పక్కన బ్యాటరీ మీద బతికే ఇంకో చిప్పులో. అక్కడ పోయిందంటే పోయిందే.

అతని ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చెయ్యలేకపోయాను. చేస్తే, పోయిందేముందండీ అంటాడని తెలుసు, ఆ మాట వినే ధైర్యం లేదు. మూడో రోజు పొద్దున్నే వైర్లు, చిన్న స్పీకరు, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, బండి తీసుకుని రెడ్డిగూడెం వెళ్లాను. పెళ్లికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

పండ్లు సర్దే షెడ్డు దగ్గర దొరికాడు. భార్య కూడా అక్కడే ఏరుడు పనిలో ఉంది. నన్ను చూడగానే అతను కంగారుపడి, కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, ఖాళీ ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించాడు. నేను కూర్చోకుండానే విషయం చెప్పాను. నీ టోన్లు పోయాయి కదా అని అడిగాను.

"పోతే పోయినయ్యండి. వాయింపుకేం అడ్డం లేదు" అన్నాడు.

ఆ మాటకు అతని భార్య చేతిలో పండు కింద పెట్టి లేచి వచ్చింది. "ఏం పోయిందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. ఆవిడే చెప్పింది.

అతని తండ్రి సన్నాయి వాయించేవాడట. పగలు తోటల్లో కాయ కోసి, ముహూర్తాలకు మేళంతో వెళ్లేవాడు. కొడుకుకూ నేర్పాడు. కొడుకు పాతికేళ్ల వయసులో కొమ్మ విరిగి మామిడిచెట్టు మీంచి పడ్డాడు. పళ్లు రాలిపోయాయి, పై పెదవి చీలి కుట్లు పడ్డాయి. సన్నాయి పీకను పెదవులతో పట్టి గాలి ఊదడం ఇక కుదరలేదు. తర్వాత ఆ తండ్రి పోయాడు. ఆయన వాయించింది ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఈ కీబోర్డు చేతికొచ్చాక, అందులో ఉన్న సన్నాయి లాంటి టోను ఒకటి తీసుకుని, దాన్ని తండ్రి సన్నాయి దగ్గరికి తేవాలని మొదలుపెట్టాడు. తండ్రికి స్వరం అందుకునే ముందు ఊపిరి కాస్త గరగరమని తగిలేదట. అది పట్టుకోవడానికే నాలుగేళ్లు పట్టింది. మొత్తం పన్నెండేళ్లు, ఇవాళ ఒక అంకె పెంచి, ఇంకో నెలకు ఒక అంకె తగ్గించి, దాన్ని దువ్వుకుంటూ వచ్చాడు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. మా మావయ్య గొంతు అందులోనే ఉందండి అని చెప్పి ఆవిడ మళ్లీ పండ్ల దగ్గరికి వెళ్లింది.

నాకు సిగ్గేసింది. ఆ షెడ్డులో అందరి ముందూ నిలబడి ఉండటమే కష్టంగా అనిపించింది. మళ్లీ తయారుచేద్దాం, నేనూ కూర్చుంటాను అన్నాను. మీకెందుకండీ శ్రమ అన్నాడు గానీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికెళ్లి కీబోర్డు పట్టుకొచ్చాడు. షెడ్డులో కరెంటు ఉంది. పెట్టెల మీద కీబోర్డు పెట్టి, దానికి నా చిన్న స్పీకరు తగిలించాం.

ఆ కీబోర్డుల్లో టోను మార్చడం ఎంత నస పనో మీకు తెలుసు. వందకు పైగా అంకెలు. అన్నిటికీ కలిపి ఒకే మీట. ఏ అంకె దేన్ని మారుస్తుందో అతనికి పేర్లు తెలియవు. ఇది గాలికి, ఇది ముక్కుకి, ఇది తోకకి అని తన పేర్లు తను పెట్టుకున్నాడు. ఒక అంకె మార్చి, కళ్లు మూసుకుని ఒక స్వరం వాయించి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మార్చేవాడు. నేను పక్కన కూర్చుని ఆ పేర్లన్నీ కాగితం మీద రాస్తున్నాను. రెండు గంటలు గడిచాయి. ఏమీ లేని కూత నుంచి ఒక సన్నాయి మెల్లగా తేరుకోవడం నాకూ తెలుస్తోంది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు. ఇంకొంచెం ఉందండి, అదిగో, అక్కడిదాకా వస్తంది, జారిపోతంది అంటున్నాడు.

ఈలోగా లారీ వచ్చింది. భార్యతో సహా ఆడవాళ్లంతా లోడింగుకు వెళ్లారు. అతను ఆ గరగర దగ్గరే గంట సేపు తిప్పలు పడ్డాడు. ఒకే స్వరాన్ని అన్నిసార్లు వింటే ఎవరికైనా చెవి మొద్దుబారుతుంది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, దగ్గరకొచ్చిందాండి? మీరు మూడ్రోజులు దగ్గర పెట్టుకున్నారు కదా. వినే ఉంటారు."

నేను వినలేదు. పియానో టోను మీద కింది నుంచి పైదాకా నొక్కడం తప్ప అతని నంబరు ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆ మాట చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? కానీ చెరిపేశానని ఒప్పుకోవడం ఒక ఎత్తు, అసలు అదేంటో వినకుండానే చెరిపేశానని చెప్పడం ఇంకో ఎత్తు. ముప్పై ఏళ్ల మెకానిక్‌ని. నా చెవి మీద అతనికి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

"విన్నాను. దాదాపు వచ్చేసినట్టే ఉందయ్యా" అన్నాను.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. "అట్టాగంటారా?" అన్నాడు.

అంతే అన్నాను. అతను ఇంకోసారి ఆ స్వరం వాయించాడు, తల ఊపాడు, దాచే మీట నొక్కాడు. నేను ఈసారి ఎంత జాగ్రత్తపరుణ్ణంటే, ఆ టోనును అప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లోకి దింపి మూడు కాపీలు తీశాను. ఒకటి అతనికి, ఒకటి షాపుకి, ఒకటి మా ఇంటి బీరువాకి. షాపుకి తిరిగొచ్చి చెల్లెమ్మతో అంతా సర్దుకుందని చెప్పాను. ఆవిడ నా వైపు చూసి నవ్వింది. రెండు రోజుల తర్వాత మళ్లీ నా మొహం చూసి మాట్లాడింది కదా అని నాకూ సంతోషంగానే ఉంది.

పెళ్లి రోజు నేనూ చింతలపూడి వెళ్లాను. చిప్పు ఎలా పనిచేస్తుందో చూడాలని అతనికి చెప్పాను. నిజంగా దేనికి వెళ్లానో నాకూ సరిగ్గా తెలియదు. పొద్దున పదిన్నరకు ముహూర్తం. ఇంటి ముందు షామియానా వేశారు. అతను తెల్ల చొక్కా వేసుకుని కీబోర్డు ముందు నిలబడ్డాడు. భార్య స్పీకరు పక్కన కుర్చీలో కూర్చుంది. తాళి వేళకు పంతులుగారు చెయ్యెత్తగానే ఎడమచేత్తో డోలు దంచుతూ, కుడిచేత్తో సన్నాయిని పైకి తీసుకెళ్లి, వంచి, అక్కడ నిలబెట్టి, మెల్లగా దించాడు. ఎక్కడా ఇరుక్కోలేదు. అక్షింతలు పడుతున్నంతసేపూ అలా వాయిస్తూనే ఉన్నాడు.

పెళ్లివారికి బాగా నచ్చింది. పెళ్లికూతురి మేనమామ వచ్చి, ఇతని కీబోర్డు బాగుచేసింది మీరేనంట కదండీ అని నన్ను చెయ్యి పట్టుకుని మొదటి పంక్తిలో కూర్చోబెట్టాడు. నేను తిన్నంతసేపూ అతని భార్య వైపే చూశాను. ఆవిడ ఒక్కసారి కూడా స్పీకరు వైపు గానీ, మొగుడి వైపు గానీ చూడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

భోజనాలయ్యాక అతను స్టాండు మడుస్తుంటే దగ్గరికి వెళ్లాను. ఇరుక్కోలేదండి అన్నాడు. టోను కూడా బాగానే పలికింది కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అతను అవునంటే నాకు తెరిపిగా ఉంటుందని కాబోలు.

అతను వైరు చుట్టుకుంటూనే ఉన్నాడు.

"అది కాదండి ఇది" అన్నాడు. "ఆ రోజు షెడ్డులోనే నాకు తెలుస్తా ఉంది. మొదట్లో ఊపిరి తగలాలి, అది తగల్లేదు. ఇంటికెళ్లాక మా ఆడది కూడా మావయ్యది ఇట్టా ఉండదంది. మాస్టారు విన్నారు, ఆయనే వచ్చిందన్నారు, నీకేం తెలుసని కసిరా."

ఇక దాచడం నా వల్ల కాలేదు. "నేను వినలేదయ్యా" అన్నాను. "నీ కీబోర్డు నా దగ్గరున్న మూడు రోజుల్లో నీ నంబరు ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆ రోజు అబద్ధం చెప్పాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. వైరు చుట్టడం ఆపి, దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆ రోజే చెప్పుంటే ఇంకో రెండ్రోజులు కూర్చునేవాణ్ణి కదండీ" అన్నాడు. "అప్పటికింకా మా నాన్నది చెవులో ఉంది. నాలుగు రోజులుగా పొద్దాకా దీన్నే సాధన చేశా. ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఇదే వినపడతా ఉంది."